మూడంచుల కాడ

బోర్డు మీద గుండ్రం ఒకటి గీశాను.
అంచుకు కాస్త లోపలగా వరసన చుక్కలు పెట్టి
"ఇవి నీళ్లు పైకెక్కే దారులు,
వాటిని ఆనుకున్నవి ఆకు వండిన అన్నాన్ని కిందికి దించేవి,
నడుమ ఉన్నది దవ్వ" అన్నాను.
కొండల మీది నుంచి బదిలీపై వచ్చినవాణ్ణి.
నాకు తెలిసింది చిక్కుడు,
నా పుస్తకానికి తెలిసింది పొద్దుతిరుగుడు.

కిటికీ పక్క బల్ల మీంచి ఫంతాయె లేచింది.
"మా కాడ గుండ్రంగా ఉండదు సార్."
కూర్చోమన్నాను.
తరగతంతా నవ్వింది.
ఆ నవ్వు కాండం గురించి కాదని
నాకు చాలా రోజులకు గాని తెలియలేదు.
తానా సరస్సు ఒడ్డున
పడవలు కట్టేవాళ్ల పిల్ల తాగిన కప్పులో
ఇక్కడ ఇంకొకరు కాఫీ తాగరు.

మర్నాడు ఆమె ఏమీ మాట్లాడలేదు.
నా బల్ల మీద ఒక దంగెల్ కాడ పెట్టి వెళ్లింది.
తుంగ జాతే, కానీ తుంగల్లో ఆజానుబాహువు.
నాకంటే రెండు మూరలు పొడుగు,
తల మీది కుచ్చు కోసేసి ఉంది,
మొదట్లో బురద ఇంకా ఆరలేదు.

వేళ్ల మధ్య దొర్లించబోయాను, దొర్లలేదు.
మూడు వైపులు, మూడంచులు.
గడ్డం గీసుకునే బ్లేడుతో అడ్డంగా కోశాను.
వరస లేదు, వలయం లేదు.
తెల్లటి బెండులో ఎక్కడ పడితే అక్కడ
ఆవాలు చల్లినట్టు నాళాలు.
వాటి చుట్టూ గాలి గదులు,
ఒక్కో గదీ ఊపిరి బిగబట్టి కూర్చుని ఉంది.
ఆకు కోసం వెతికాను.
మొదట్లో గోధుమరంగు పొలుసులు నాలుగు, అంతే.
ఆకులు చేతులెత్తేసిన ఇంట్లో
వంటా కాడదే, మోతా కాడదే.
పచ్చటి చర్మంతో ఎండను తాగి
తన కడుపు తనే నింపుకుంటుంది.
బురదలో పాకే లావుపాటి దుంప సంగతి
ఆ రాత్రి పుస్తకం తిరగేస్తే తెలిసింది:
వేరనుకున్నది కూడా కాండమే,
నిలబడటం ఇష్టంలేక పడుకున్నది.

ఆదివారం ఆమె తండ్రి ఎంగిదావ్ దగ్గరికి వెళ్లాను.
ఒళ్లో మోపు పెట్టుకుని
పంటితో తాడు లాగి బిగిస్తున్నాడు.
"పచ్చిదైతే బరువు, మరీ ఎండితే పెళుసు.
మధ్యలో ఒక రోజుంటుంది సార్, ఆ రోజు పట్టుకోవాలి."
"ఆ రోజు ఎలా తెలుస్తుంది?"
కాడ విరిచి నా చెవి దగ్గర పెట్టాడు.
నాకేమీ వినపడలేదు.
జాలిగా చూసి కాఫీ పోయించాడు.
తాగాను. ఊళ్లో ఆ కబురు
నాకంటే ముందే బడికి చేరింది.

సాయంత్రం ఒక పాత తాంక్వాను ఒడ్డుకు లాగాం.
రోజంతా కట్టెలు మోసి, మనుషుల్ని మోసి
నానిన రొట్టెలా బరువెక్కింది.
మూడు నెలలకు మించి బతకదట ఏ పడవా.
ఇద్దరం కలిసి దాన్ని నిటారుగా ఎత్తి
చెట్టుకు ఆనించాం, ముక్కు ఆకాశానికి.
"రాత్రంతా నిలబడాలి,
అప్పుడే నీళ్లు దిగుతాయి" అన్నాడు.
ఒడ్డు పొడుగునా అలా నిలబడ్డాయి పడవలు,
కోతకు ముందు నిలబడ్డట్టే.
బతికుండగా నీళ్లు ఎక్కిన దారినే
ఇప్పుడు బొట్టు బొట్టుగా
సరస్సులోకి వెనక్కి జారుతున్నాయి.

సంవత్సరాంత పరీక్షలో ప్రశ్న వచ్చింది,
కాండం అడ్డుకోత పటం గీసి భాగాలు గుర్తించుము.
జిల్లా కార్యాలయం పంపిన జవాబు గుండ్రంగా ఉంది.
ఫంతాయె గీసినది త్రిభుజం,
చుక్కలు చిందరవందర,
గాలి గదుల దగ్గర "పడవ" అని రాసింది.
ఐదుకు ఐదు వేశాను.
పక్కన ఎర్ర సిరాతో అడిగాను:
అంచులు మూడే ఎందుకు?

కాగితం తిరిగొచ్చింది.
వెనక పెన్సిల్‌తో ఒకే వాక్యం:
"కట్టేటప్పుడు జారకుండా."

కాడకు పడవ సంగతి తెలియదని
ఏ శాస్త్రమైనా చెబుతుంది.
నేను కొట్టేయలేదు.