ఎడమ అంచు

బొమ్మలకు ఫ్రేములు కట్టడం నా పని, ఎస్బియర్ రేవు వెనక సందులో.
ముందు ప్రతి బొమ్మనీ తిప్పి వీపు చూస్తాను.
సిసెల్ బొమ్మల వీపు మీద పెన్సిల్ రాతలుంటాయి:
"ఫానో దీవి. ఆటు మొదలై రెండు గంటలు.
పడమటి గాలి. వేళ్లు కొంకర్లు."

అప్పుడు ముఖం చూస్తాను.
మొదట ఏమీ లేదు.
బూడిద రంగు, దాని కింద ఇంకాస్త బూడిద రంగు,
మధ్యన గీత అనలేని గీత.
తడి కాగితానికి తడి కుంచె తగిలించి
ఆమె పక్కకి తప్పుకున్నట్టుంది,
ఆకాశం తానే దిగి బురదలో కలిసింది.
తెల్లరంగు ఒక్క చుక్క వాడలేదు.
నీటి మెరుపంతా ఉత్త కాగితమే,
ముట్టకుండా వదిలిన చోటు.
వదిలేటప్పుడే చెయ్యి ఎక్కువ వణుకుతుందట.
ఒకసారి చెప్పింది, టీ తాగుతూ, నా కత్తులు లెక్కపెడుతూ.

కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే
రంగు గింజలు గింజలుగా పేరుకుంది.
తెచ్చుకున్న నీళ్లు ఒలికిపోయి
సముద్రంలోనే కుంచె ముంచి ఉంటుంది.
నాలుక ఆనించి చూడక్కర్లేదు.

ఎడమ అంచున రెండు వేళ్ల మేర ఒక మరక.
స్పాంజితో తుడిచిన నీలం,
పోయినంత పోయి, ఆగినంత ఆగింది.
అంచు అట్ట వేస్తే సరిగ్గా దాని కిందికే పోతుంది.
కొలిచాను. గుర్తు పెట్టాను. కోశాను.
ఇలాంటివి దాచడానికే కదా నాకు డబ్బులిచ్చేది.

సాయంత్రం లౌస్ట్ వచ్చాడు. బొమ్మ అతనిదే,
ఆమె ఊరికే ఇచ్చింది.
టోపీ తియ్యలేదు.
అట్ట ఎత్తి, మరక మీద వేలు పెట్టబోయి ఆగాడు.
"మార్చిలో వేసింది, నా రొయ్యల పడవతో సహా.
ఏప్రిల్లో పడవని తుక్కుకిచ్చేశాను.
ఉంచనా, తియ్యనా అని ఇంటికొచ్చి అడిగింది.
లేనిదాన్ని తీసెయ్యమన్నాను."
బయట ఫెర్రీ కూసింది. అది ఆగేదాకా ఆగాడు.
"ఆ నీలం పట్టు వదలదని ముందే చెప్పింది."

రాత్రి కొత్త అట్ట తీసి మళ్లీ కోశాను.
పైన నాలుగు వేళ్లు, కుడిన నాలుగు,
కింద అయిదు, అది మా వాడుక.
ఎడమన చిటికెన వేలంత.
పని నేర్పిన ముసలాయన చూస్తే మెటికల మీద కొట్టేవాడు.

గోడకి తగిలించి వెనక్కి నడిచాను.
ఆటుకి నీళ్లు తీసేశాక
బురదలో పడవ ఒరిగినట్టు
బొమ్మ ఎడమకి ఒరిగి కనిపించింది.
రసమట్టం పెట్టి చూశాను.
సరిగ్గానే ఉంది.