దగ్గు తీసెయ్యొద్దు

లాలాపేటలో మా పరుపుల కొట్టు
రాత్రి పదింటికి షట్టరు దించాక
గుంటూరు మొత్తమ్మీద అంత నిశ్శబ్దం ఇంకెక్కడా దొరకదు.
చుట్టూ దూది బస్తాలు,
సగం కుట్టిన బొంతలు,
ఎవరో పెళ్లివాళ్లు అడ్వాన్సిచ్చి మరిచిపోయిన డబుల్‌కాట్ పరుపు.
శబ్దం వెళ్లి వాటిలో తల దాచుకుంటుంది,
తిరిగి రాదు.
స్టూడియోల వాళ్లు లక్షలు పోసి గోడలకి అతికించుకునేది దీన్నేనట.
మా దగ్గర కిలోల లెక్కన ఉంది.

ఫ్యాను కొక్కేనికి సెల్‌ఫోను వేలాడదీసి
తాత సన్నాయి తీస్తాను.
ఆడపిల్ల ఊపిరికి ఇది లొంగదు అనేవాడు తాత.
తమ్ముడికి నేర్పుతుంటే
పక్కగదిలో దూది ఏకుతూ నేర్చుకున్నదాన్ని.
తమ్ముడిప్పుడు డీజే బాక్సులు అద్దెకిస్తాడు.
వాణ్ణనేం లాభం,
పెళ్లికొడుకులే అడుగుతున్నారు.

మాఘం దాటేసరికి యార్డుకి మిర్చి టిక్కీలొస్తాయి.
ఊరంతా ఒకే ముక్కుతో తుమ్ముతుంది.
ఆ రోజుల్లోనే, మొట్టమొదటి రాత్రి,
కల్యాణి సగంలో ఉండగా దగ్గొచ్చింది.
రెండు చిన్నవి, ఒకటి పెద్దది.
కోసేద్దామంటే కొయ్యడం తెలీదు.
అలాగే పెట్టేశాను, తాత పేరు మీద,
మొహం బదులు ఒక దూదిపింజ ఫొటోతో.
పొద్దునకి పదకొండుమంది విన్నారు.
పన్నెండో మనిషి రాశాడు:
"దగ్గు తీసెయ్యొద్దు మాస్టారూ.
మా ఊరి గాలి వాసనొచ్చింది."

మాస్టారు!
సరిదిద్దలేదు నేను.

ఇప్పుడు మూడువందల పదహారు మంది.
నెలకి నలభైతొమ్మిది రూపాయలు.
మస్కట్‌లో నైటు డ్యూటీ నర్సు ఎస్తేరు
ఒక్క చెవికే పెట్టుకుంటుంది,
రెండోది మెషీన్ల కోసం.
లారీ గురవయ్య నాగపూర్ దాటాక వేసుకుంటాడు,
అంతదాకా ఘాటు టార్పాలిన్ కిందే ఉంటుందట,
ఆ తర్వాత నా దగ్గు కావాలట.
ఇంకొకాయన ఉన్నాడు. పేరు లేదు, బొమ్మ లేదు.
ప్రతి పాట కిందా ఒకే మాట.
"విన్నాను."
నాలుగేళ్లుగా అంతే.

వీళ్ల డబ్బుతో తంజావూరు వైపు నుంచి
కొత్త సీవాళీలు పార్శిల్లో తెప్పించాను.
ఒక నెల పద్నాలుగుమంది మానేశారు.
పద్నాలుగు తలుపులు
చప్పుడు కాకుండా మూసినట్టు.
ఆ వారం ఊపిరి అందలేదు.
"ఇది కూడా ఒక బతుకుతెరువేనా?" అంది అమ్మ.
కరెంటు బిల్లు చూపించాను,
కట్టేసిన బిల్లు.
అటూ ఇటూ తిప్పి చూసి
చీరకొంగున ముడేసుకుంది.

పోయిన మంగళవారం ఒక పెద్దమనిషి వచ్చాడు.
గొడుగు, గుడ్డసంచి, ఇస్త్రీ నలగని చొక్కా.
"దిండు కావాలి, బూరుగు దూదిది.
మెడనొప్పి."
కొలిచి నింపుతున్నాను.
సరిగ్గా అప్పుడే సందులోంచి టిక్కీల ఆటో వెళ్లింది.
దగ్గొచ్చింది నాకు.
రెండు చిన్నవి,
ఒకటి పెద్దది.

నోట్లు లెక్కపెడుతున్న వేళ్లు ఆగిపోయాయి.
నా వంక చూశాడు,
పైన ఖాళీ కొక్కేన్ని చూశాడు,
మళ్లీ మొదట్నించీ లెక్కపెట్టాడు.
మూడువందల యాభై.
బేరం ఆడలేదు.
మెట్టు దగ్గర గొడుగు తెరవబోయి
లోపల ఎండ లేదని గుర్తొచ్చినట్టు
మూసుకుని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి మోహన వాయించాను.
తెల్లారి చూస్తే
నాలుగేళ్ల ఆ ఒక్క మాటకి
తోక మొలిచింది.

"విన్నానమ్మా."

సంతోషించాలి, నిజమే.
కానీ అప్పట్నించీ ఒకటే గుబులు,
ఆటో ధ్యాసలో పడి
ఆయన దిండులో ఒక పిడికెడు దూది
తక్కువేశానేమోనని.