ఒకటి పాయింట్ మూడు ఎనిమిది

ఫిబ్రవరిలో ఫర్నేస్ చచ్చింది.
మరమ్మతుకొచ్చినవాడు టార్చి వేసి చూసి
తల అడ్డంగా ఊపి, కాగితమ్మీద ఒక అంకె రాసిచ్చి పోయాడు.
దాన్ని ఫ్రిజ్‌కి అంటించి
మెట్ల కింది టాఫీ డబ్బా బయటికి తీశాను.

నూట ఆరు హాకీ కార్డులు.
యాభై నాలుగువి కొన్ని, యాభై అయిదువి కొన్ని.
బబుల్‌గమ్ పొడి ఇంకా వేలికి అంటుతోంది,
వాసన ఎప్పుడో పోయింది.
గోలీలు ముఖానికి ఏ అడ్డూ లేకుండా నిలబడ్డ రోజులవి,
కుట్లు పడ్డ పెదవితోనే ఫొటోకి నవ్వేవాళ్ళు.

క్లెమెంట్ బోడ్రీ కొట్లో గాజు బల్ల మీద పరిచాను.
కంటికి భూతద్దం బిగించి
కంసాలిలా ఊపిరి బిగబట్టి
ఒక్కో మూలా చూశాడు.
"ఊరికే అమ్మితే చిల్లర రాలుతుంది రెయినో.
ముందు గ్రేడ్ వేయించు. ఎవరిచేత అన్నదే తేల్చుకో."

ముగ్గురున్నారట.
మొదటివాళ్ళు సరిహద్దు అవతల. ఆర్నెల్లు పడుతుంది, రుసుము మోపెడు,
మూల వెంట్రుకవాసి అరిగినా రెండంకెలు కోస్తారు,
కానీ వాళ్ళ ప్లాస్టిక్ పెట్టెలో ఉంటే కొనేవాడు బేరమాడడు.
రెండోవాళ్ళు టొరంటోలో. హాకీ తెలిసినవాళ్ళు, కస్టమ్స్ గొడవ లేదు,
అమ్మబోతే మాత్రం వీళ్ళ ఎనిమిది వాళ్ళ ఆరుతో సమానం.
మూడోవాళ్ళ దగ్గరికొచ్చేసరికి బోడ్రీ గొంతు తగ్గించాడు.
"చెయ్యి ధారాళం. పదిరోజుల్లో పంపేస్తారు. అడిగినవాడికి తొమ్మిది."

నాకు నవ్వొచ్చింది.
ముప్ఫయ్యొక్క ఏళ్ళు నేను చేసిన పని అదే.
నికెల్ గని ల్యాబ్‌లో
రాయిని పిండి చేసి, ఆమ్లంలో కరిగించి
నూటికి ఎంతో పుస్తకంలో రాసేవాణ్ణి.
రాయికి నోరు లేదు, నా అంకే దాని నోరు.
ధారాళంగా అంకెలేసే ల్యాబ్ ఊరవతల ఇంకోటుండేది,
దాని కాగితం చదవకుండానే పక్కన పెట్టేవాళ్ళు కొలిమివాళ్ళు.
మొదటివాళ్ళకే అని చెప్పబోయాను.

బోడ్రీ ఒక కార్డు పైకెత్తాడు.
మాంట్రియల్ గోలీ. డబ్బాలోకెల్లా దొర.
"దీని కుడి అంచు ఎవరో కత్తిరించారు."

టోయివో. తొమ్మిదేళ్ళు వాడికప్పుడు.
బొమ్మ ఒక పక్కకి ఒరిగి అచ్చయిందని,
గోలీ నెట్ వదిలి పోతున్నట్టుందని,
అమ్మ కుట్టుకత్తెర తెచ్చి
నాలుక బయటపెట్టి, గీత గీసుకుని మరీ
నూలుపోగంత తీసేశాడు.
గోలీ నడిమధ్యకొచ్చాడు.
కార్డు కదలకుండా పట్టుకున్నది నేనే.

"మొదటివాళ్ళు కనిపెడతారు. అంకె ఉండదు,
అసలుదే, కోత పడింది అని రాస్తారు, అంతే.
మూడోవాళ్ళు..." భుజాలెగరేశాడు.
"కొలిస్తే కొలుస్తారు."
ఫర్నేస్ అంకె సరిగ్గా ఆ రెండు మాటల మధ్యే ఉంది.

డెబ్బయ్యొకటి నవంబరు, రాత్రి షిఫ్టు.
ఫోర్‌మన్ హాల్వర్సన్ తలుపు దగ్గర నిలబడి
ఏమీ అడగలేదు. టోపీ చేతుల్లో తిప్పుతున్నాడంతే.
ఆ సొరంగం మూస్తే నలభై ఇళ్ళు.
ఒకటి పాయింట్ మూడు ఎనిమిదిని
ఒకటి పాయింట్ నాలుగు చేశాను.
బళ్ళో పిల్లలు చేసే సవరింపే,
ల్యాబ్‌లో చెయ్యకూడనిది.
ఎవరికీ ఏమీ కాలేదు. మరుసటేడు ఎలాగూ మూసేశారు.
ఇప్పటికీ ఎవరైనా అంకె చెబితే
దాని వెనక టోపీ తిరుగుతున్నట్టుంటుంది.

పన్నెండు కార్డులు మొదటివాళ్ళకి కట్టాను.
గోలీని పదమూడోవాడిగా పెట్టాను.
ఫారంలో గమనికల గడిలో పెన్సిల్‌తో రాశాను:
కుడి అంచు, కుట్టుకత్తెర, 1954, ఇద్దరు పిల్లలు.
"అవి ఎవరూ చదవరు" అన్నాడు బోడ్రీ.
తెలుసు. రాళ్ళతో వచ్చిన చీటీలు నేనూ చదివేవాణ్ణి కాదు.

పోస్టాఫీసులో అమ్మాయి పొట్లం తూచింది.
నాలుగు వందల పన్నెండు గ్రాములు.
"విలువెంత వెయ్యమంటారు?" అంది.
కళ్ళద్దాల మీద మంచు కరిగి కారుతోంది.
నా వెనక క్యూ తలుపు దాకా పెరిగింది.