అంచు

సూదిల దారం ఒక్కసారికే ఎక్కిస్త.
గడపల పండుకున్న మేకను మాత్రం తొక్కుత.
అందుకే పదేండ్లు నన్నెవరూ నమ్మలే.
తనకు నచ్చిన పనికే కండ్లుంటయి దీనికి, అని
మేనత్త రుక్కుబాయి సిరొంచ బజారంత చెప్పింది.

చూపు ఉన్నది. గాజంత ఉన్నది.
ఆ గాజుల నుంచి చూస్తే
ప్రాణహిత ఒక్క పడవంత కనిపిస్తది,
పక్క పడవ లేదు, దాని మీద బాపు లేడు,
పొద్దు గూకితే నదే లేదు.
రాత్రి చేపలకు బాపుతోని చెల్లె సారక్క పోతది.
నేను ఒడ్డున చినిగిన వల కుట్టుత.
వేళ్ళకు రేచీకటి లేదు.

అవ్వది ఆవలి ఒడ్డు, కాళేశ్వరం దిక్కు.
బాపుది ఈవలి ఒడ్డు.
ఇరవై ఏండ్ల సంది ఇంట్ల ఒకటే పంచాది:
"మా తరతరాలల్ల ఈ రోగం లేదు, మీ నెత్తురుదే."
"మా తాత అమాసనాడు వల ఇసిరినోడు, మీదే."
ఇద్దరూ నిజమే చెప్పిండ్రు.
తంటా అక్కడనే.

హైదరాబాదుల నుస్రత్ డాక్టరమ్మ
నలుగురి నెత్తురు తీసుకొని నాలుగు నెలలకు పిలిచింది.
కంటి వెనక పొరల, చీకట్ల చూసే కణాలల్ల,
పైసల దొంతర లెక్క బిళ్ళలు పేర్చి ఉంటయట.
పొద్దుపొద్దున కొసకున్నయి రాలిపోతయట,
అడుగున కొత్తయి పుట్టాలె, రోజూ, బతికినన్ని రోజులు.
ఆ బిళ్ళ అంచు వంగి నిలవాలంటే
రెండు ప్రొటీన్లు ఒకదాన్నొకటి పట్టుకోవాలె.
ఒకటి పెరిఫెరిన్.
రెండోది రామ్-వన్ అనంగనే
బాపు కండ్లు మూసుకొని దండం పెట్టిండు.
డాక్టరమ్మ నవ్వలే. నేను నవ్విన.
పేర్లు రెండూ మరాఠీ అక్షరాలల్ల రాసుకున్న,
మా బడి నేర్పినయి అవే.

అవ్వ పెరిఫెరిన్ కొంచెం వంకర.
బాపుకు రామ్-వన్ సగమే తయారైతది.
ఎవరిది వాళ్ళకు సరిపోయింది,
ఒకటి తప్పితే ఇంకొకటి ఊతమిచ్చింది.
నా దగ్గరికొచ్చేసరికి
వంకరది చేయి చాపింది,
పట్టుకునేటోళ్ళు తక్కువైండ్రు.
సారక్కకు రెండిట్ల ఒకటే వచ్చిందట.
ఏదో అది అడగలే.

"బుట్ట అంచు లెక్కనా?" అన్నది అవ్వ.
"ఒక బద్ద ఇరిగితే ఇంకోటి ఆపుతది.
రెండూ లేకుంటే చేపలు తొవ్వ మీదనే."
డాక్టరమ్మ కొంచెంసేపు ఊకున్నది,
తర్వాత తన కాయితం మీద బుట్ట గీసుకుంది.

మందు ఇప్పటికి లేదు. పరిశోధన జరుగుతున్నది.
జరుగుతున్నది అని ఆమె ఒక్కసారే అన్నది,
నాకు మూడుసార్లు ఇనబడ్డది.

పిల్లలైతే, నలుగురిల ఒకరికి రావచ్చు.
బస్సు పరకాల దాటేదాక వేళ్ళ మీద లెక్క చేసిన:
నలుగురిని కంటనా?
ఆ ఒక్కరు ముందే వస్తే?

బ్రిడ్జి మీద పక్క సీటాయన మా మాటలు విని
రెండు నదులు కలిసినట్టన్నమాట, అన్నడు.
కాదు.
నదులు ఎట్లయిన కలుస్తయి, వాటికి పల్లం ఉన్నది.
ఇవి పట్టుకోవాలె.

చీకటి పడ్డది. అవ్వ అన్నది, "అంటే సగం నాదే."
బాపు అన్నడు, "సగం నాది గూడ."
రెండు స్టాపులు ఊకున్నరు.
ఆ తర్వాత మొదలైంది
ఎవరి సగం పెద్దదని.

సిరొంచల దిగంగ మెట్టు కనపడలే.
చెరో పక్క చెరో చేయి దొరికింది,
పంచాది మాత్రం నా నెత్తి మీదంగనే నడిచింది
ఇల్లు చేరి, మేక అరిచేదాక.