రొట్టెలు దిగాక

కాలిమ్నోస్ దీవిలో
ఊరి రొట్టెలన్నీ దిగాక కూడా
బట్టీకి ఒళ్ళు చల్లారదు.
అప్పుడు లోపలికి తోస్తుంది థెమెలీనా
తన పళ్ళేన్ని:
వంకాయ, జుకినీ, ఎర్ర క్యాప్సికం,
పొట్టు తీయని వెల్లుల్లి,
అరచేతిలో నలిపిన ఒరెగానో.
ఆలివ్ నూనెకి కొలతేముంది,
చెయ్యి వణికినంత.

బంగాళాదుంపలేవని
సకెల్లారిస్ అడగడం మానేశాడు.
నలభై ఏళ్ళు పిండి పిసికినవాడి
వేలికొస మీద ఓ నెత్తుటి చుక్క
పిండి ఇక అమ్మకానికేనని తేల్చేసింది.
ఇప్పుడా ఇంట్లో పిండి అంటే
నిమ్మచెక్క పిండి
మాడిన అంచుల మీద చిలకరించడమే.

తిన్నాక
పళ్ళెం అడుగున మిగిలిన నూనె, మెరుస్తూ.
రొట్టెముక్క కోసం
అలవాటుగా చాచిన చెయ్యి
గాల్లోనే ఆగి,
చూపుడువేలితో గిన్నె మూల దాకా తుడిచి
నోట్లో పెట్టుకుంది.

థెమెలీనా చూడనట్టే
ఉప్పు డబ్బాకి
మూత వెతుకుతోంది.