రెండువందల పన్నెండో వరుస

ఆకివీడులో రొయ్యల మేత కొట్టు పైన మా గది.
కిటికీ తెరిస్తే చేపపొడి వాసన,
మూస్తే కాగిన కంప్యూటర్ల వాసన.
చాలా రోజులు నేను రెండోదానికే ఓటేస్తాను.

తెర ఎడమ అంచున ఎర్ర చుక్కలు.
ఒక్కో చుక్క ఒక్కో లాకు.
పరుగెత్తుకొచ్చే ప్రోగ్రాము అక్కడ నిలబడి
జేబులన్నీ తిరగేసి చూపిస్తుంది:
ఈ గడిలో ఎంత, ఆ గడిలో ఎంత,
ఎవరు పిలిస్తే వచ్చింది, ఎవరి దగ్గరికి పోతోంది.
చూడటం అయ్యాక మీట నొక్కితే
ఏమీ జరగనట్టే కదిలిపోతుంది.

ఏమీ జరగనట్టే అనుకునేదాన్ని.

కాళ్ళకూరు అవతల యిర్రింకి నాగభూషణం గారి చెరువు, ఎనిమిదెకరాలు.
గట్టు మీద రేకు పెట్టె, పెట్టెలో మా ప్రోగ్రాము.
నీళ్ళలో ఆక్సిజన్ కొలుస్తుంది,
తగ్గితే ఏరేటర్ల చక్రాలు తిప్పుతుంది.
మూడు రాత్రులుగా రెండున్నరకి
ఒక చక్రం బద్ధకంగా లేస్తోంది.
ఆ బద్ధకం ఎక్కడుందో పట్టుకుందామని
ఇక్కణ్ణించే ఆ పెట్టెలోకి దిగి
రెండువందల పన్నెండో వరుస మీద చుక్క పెట్టాను.
పెట్టి, టీ కోసం కిందికి దిగాను.
బస్టాండు బండి దగ్గర పాలు ఇంకా పొంగలేదు.

ఫోను.
"మేడంగారండీ, చక్రాలన్నీ ఆగిపోయినాయండి.
రొయ్య పైకి తేలిపోతందండి. ఆయ్, చెరువంతానండి."
కాపలా పేరయ్య.

నేను ఆపింది ఒక వరుసని.
వరుస ఆగితే చక్రం ఆగుతుందని,
చక్రం ఆగితే
నీళ్ళ కింద లక్షల మీసాలు
గాలి కోసం పైకి చాస్తాయని
చుక్క పెట్టేటప్పుడు ఎక్కడా రాసి లేదు.

మెట్లు రెండేసి ఎక్కాను. మీట నొక్కాను.
ఫోనులోనే వినబడింది
మొదటి చక్రం నీటిని చరచడం. తర్వాత రెండోది.
పేరయ్య ఏమీ అనలేదు.
అగ్గిపుల్ల గీసిన చప్పుడు మాత్రం వచ్చింది.

పొద్దున్న జాబితా తెరిచాను.
ఇరవయ్యేడు చుక్కలు!
కొన్ని నావే, ఎందుకు పెట్టానో గుర్తు లేనివి.
కొన్ని చంపకుండా నిద్రపుచ్చినవి,
ఎరుపు కారిపోయి ఉత్త సున్నాలుగా మిగిలినవి.
ఒకటి, పైన వరుసలు చెరిపేస్తుంటే జారి జారి
ఖాళీ వరుస మీద కూర్చుంది,
కాలవ దారి మార్చుకున్నాక మిగిలిన లాకు తలుపులా.

మా పక్కింటి పాపారాయుడు ఉండి కాలవ మీద లస్కరుగా చేశాడు.
తలుపు దించిన ప్రతిసారీ గోడ మీద సుద్దముక్కతో
గంట, అడుగులు, దించినవాడి పేరు.
"దించడం ఎవడైనా దించుతాడమ్మా.
ఎప్పుడెత్తుతావో తెలిసి దించడం, అదీ ఉద్యోగం.
అయినా నీళ్ళెంతున్నాయో చూడ్డానికి కాలవనెందుకు ఆపుతాం?
గేజీ ఉంది కదా."

గేజీ ఉంది. నాకూ ఉంది.
రెండువందల పన్నెండు మీది చుక్కకి కొత్త మాట చెప్పాను:
ఆపకు.
గంట రాసుకో, ఆక్సిజన్ రాసుకో, పోనివ్వు.

ఆ రాత్రి రెండున్నరకి అక్షరాలు ఒక్కొక్కటే రాలాయి.
తప్పు రెండువందల పన్నెండులో లేనే లేదు.
ఎనభై ఎనిమిదిలో ఉంది,
పోయినేడాది నేనే రాసిన చోట,
జవాబు చెప్పని మీటరు కోసం
అరవై సెకన్లు మర్యాదగా ఎదురుచూస్తూ.

ఇరవై అయిదు చుక్కలు తుడిచేశాను.
ఇంకొకటి మిగిలింది. మానేసి వెళ్ళిన హసీనా పెట్టింది.
దానికి షరతు: ఉప్పు ముప్పై దాటితేనే ఆగు.
నేనొచ్చాక ఏ చెరువులోనూ ముప్పై చూడలేదు.
అది మాత్రం ఎవరికోసమో రెప్ప వేయకుండా ఉంది.

తీసేద్దామని వేలు పెట్టి, ఆగాను.
మొగల్తూరు పిల్ల, ఉత్తినే పెట్టదు.
చైత్రం వెళ్ళాక కాలవలు కట్టేస్తారు,
తీపినీళ్ళు తగ్గిన దారిలో
సముద్రం మెల్లగా పైకి నడిచొస్తుంది.

దాన్నీ ఆపని చుక్కగా మార్చి,
పక్కన హసీనా పేరు రాసి,
కిటికీ తెరిచాను.