వాటాకు రాని పెట్టె

మిషన్లు పంచుకున్నారు.
కటింగుది హుసేనప్పకు, పాలిష్ పట్టేది ఓబులేసుకు.
యార్డులో నిలబెట్టిన నల్లబండల్ని లెక్కబెట్టి
సుద్దముక్కతో నేల మీద గీత గీసి
ఇటువి ఇటు, అటువి అటు.
బ్యాంకు అప్పును కూడా కోసినారు,
అదొక్కటే సరిగ్గా సగానికి తెగిందంట.
పెద్దమనుషులు టీ తాగి లేచేటప్పుడు
గుమాస్తా గుర్తుచేసినాడు:
"మరి మెయిలో?"

అందుకని నా దగ్గరికొచ్చినారు.
తాడిపత్రిలో, స్టవ్వులు రిపేరు చేసే అంగడి మీద గది నాది.
ఒకాయన మెట్ల మీదే నిలబడినాడు,
ఒకాయన కిటికీ దగ్గర.
నడుమ నేను, కంట్రోల్ ప్యానెల్ తెరిచి.

ఏడేండ్ల కిందట ఆ పెట్టె పెట్టిచ్చింది నేనే.
అప్పుడు ఇద్దరూ ఒకే బండి మీద వచ్చినారు.
"కంపెనీ పేరు మీదుంటే పాపా..." అని ఒకరు మొదలుపెడితే
"హుబ్బళ్ళి సేటు నమ్ముతాడంట" అని ఇంకొకరు ముగించినారు.
పాస్‌వర్డు చెప్పమంటే మొగాలు చూసుకొని
ఒకరు ఊరి పేరు, ఒకరు బండ సైజు.
రెండూ కలిపి కొడితే
బలంగా ఉందని తెర మీద పచ్చగీత.

"పాస్‌వర్డు మార్చి నాకియ్యి," అన్నాడు మెట్ల మీదాయన.
"తీసెయ్యి పాపా, ఎవురికీ వొద్దు," కిటికీ దగ్గరాయన.
తీసెయ్యడానికి చెత్తబుట్ట బొమ్మ ఒకటుంది.
నొక్కితే ఒక్కసారే అడుగుతుంది, నిజమేనా అని.
పంచాయితీ మూడు దినాలు అడిగింది.

లోపల చూసినాను.
ఐదొందల ఎంబీలో నాలుగొందల తొంభై నిండిపోయింది.
ఇంకొక్క పెద్ద ఫోటో వస్తే వాకిట్లోంచే తిప్పి పంపిస్తుంది.
ఉత్తరాలు చదవలేదు, కొలతే చూసినాను,
ట్యాంకు పక్కన తట్టి నీళ్ళ మట్టం కనుక్కున్నట్టు.

"సగం చెయ్యలేవా?"
"అడ్రసు బండ కాదన్నా.
అట్ గుర్తుకు ఇటు మనిషి, అటు ఊరు.
యాడ కోసినా, వచ్చే ఉత్తరానికి దారి తెలీదు."

కడాకు చేసింది ఇది:
ఇద్దరికీ చెరొక కొత్త పెట్టె, చెరొక తాళం.
పాత ఉత్తరాలు రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎత్తిచ్చినాను,
రెండింట్లోనూ అవే.
పాత అడ్రసును పెట్టెగా తీసేసి దారిగా పెట్టినాను.
దానికొచ్చిన ప్రతిదీ అప్పటికప్పుడు ఇద్దరికీ పోతుంది,
అక్షరం ఎక్కువ తక్కువ లేకుండా.
"ఇద్దరికీనా?" అన్నారిద్దరూ.
ఆ పొద్దు కలిసి అన్న మాట అదొక్కటే.

మొదటి నెల సేటుకు గంటలో రెండు రేట్లు పోయినాయి.
రెండో నెల రూపాయి రూపాయి దిగి
డీజిలు ఖర్చు కూడా రాని కాడ నిలబడినాయి.
మూడో నెల సేటు రాసినాడు:
మీరిద్దరూ ఒక మాటనుకొని చెప్పండి,
అంతదాకా బేతంచెర్లలో కొంటాను.
అదీ ఇద్దరికీ పోయింది.

ఆ తర్వాతది లాగులో చూసినాను.
మెయిళ్ళు ఆగిపోతున్నాయని ఓబులేసు ఫోన్ చేస్తే, పని మీదే.
పంపినోళ్ళు, చేరినోళ్ళు, గంట, అంతే ఉంటాయి దాంట్లో.
మాట ఉండదు.
రాత్రి పదకొండున్నరకు
హుసేనప్ప పెట్టె నుంచి పాత అడ్రసుకు ఒకటి.
ఓబులేసు కొత్త అడ్రసు తెలీక కాదు.
అయినా దానికే రాసినాడు.
అది ఓబులేసుకు పోయింది,
తిరుక్కొని హుసేనప్పకూ వచ్చింది.
పన్నెండుకు ఐదు నిమిషాలుందనంగా
ఓబులేసు నుంచి, అదే అడ్రసుకు.
అదీ రెండిండ్లకూ చేరింది.

బ్లేడు గురించో, కూలీల బాకీ గురించో,
తిట్టుకున్నారో.
రెండు కిలోబైట్లు ఒకటి, మూడు ఒకటి.

"ఏమీ ఆగలేదన్నా, అన్నీ చేరుతుండాయి," అని చెప్తే
"తెలుసులే పాపా," అన్నాడు,
"ఇంగొకసారి సూడమని చేసినా."

మార్చితో పేరు గడువు తీరుతుంది.
బిల్లు ఎవరి పేరున కొట్టాలో
ఇంకా అడగలేదు నేను.